హాకీ జట్టుకి కొత్త ఊరు: మార్కుల పట్టికతో వచ్చే చిక్కు

ఒక ఐస్ హాకీ జట్టు ఊరు మారాలి. ఎక్కడికి వెళ్ళాలి? మనవాళ్ళని అడిగితే వెంటనే ఎక్సెల్ తెరుస్తారు. అంశాలకి వెయిటేజీ, ఊళ్ళకి మార్కులు, గుణించి కూడిక. ఆఫీసులో ఏ డేటాబేస్ కొనాలో తేల్చేదీ ఇలాగే. ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో అరిజోనా కయోటీస్ జట్టు కథతో చూద్దాం.

2022లో ఈ జట్టుకి గ్లెండేల్ స్టేడియం చేజారింది. తర్వాత రెండు సీజన్లు ఒక యూనివర్సిటీ ఆవరణలో, 5 వేల సీట్లు కూడా లేని రింకులో ఆడారు. 2023 మేలో కొత్త స్టేడియం ప్రతిపాదనని టెంపీ నగర ఓటర్లు తిప్పికొట్టారు. ఇక ఊరు మారక తప్పలేదు.

మూడు ఊళ్ళు తీసుకుందాం. హ్యూస్టన్ మహానగర జనాభా 70 లక్షల పైమాట. సాల్ట్ లేక్ సిటీది సుమారు 12 లక్షలు. క్విబెక్ సిటీది 8 లక్షలే కానీ, అక్కడ 2015లో తెరిచిన 18 వేల సీట్ల స్టేడియం ఉంది. జనాభాకి 5, స్టేడియానికి 3, యజమాని సిద్ధంగా ఉండడానికి 2 వెయిటేజీ ఇద్దాం. మార్కులు నా సొంత అంచనా: హ్యూస్టన్‌కి 10, 7, 3, సాల్ట్ లేక్‌కి 4, 6, 10, క్విబెక్‌కి 2, 10, 5. లెక్క కడితే వరసగా 77, 58, 50. హ్యూస్టన్ గెలిచింది!

నిజంగా జరిగింది వేరు. 2024 ఏప్రిల్‌లో లీగ్ ఆమోదంతో జట్టు సాల్ట్ లేక్‌కి వెళ్ళింది. వెయిటేజీలని 2, 3, 5గా మారిస్తే మొత్తాలు 56, 76, 59 అవుతాయి, జవాబు సరిపోతుంది. కానీ జవాబు చూసి లెక్క దిద్దడం పరీక్షలో కాపీ కొట్టడమే.

అసలు తప్పు వెయిటేజీలో లేదు, కూడికలో ఉంది. కూడికలో ఒకచోట తగ్గింది ఇంకోచోట భర్తీ అవుతుంది. అక్టోబరులో సీజన్ మొదలు. అప్పటికి మంచు పరిచిన రింకు, 120 కోట్ల డాలర్లు పెట్టే యజమాని లేకపోతే 70 లక్షల జనాభా ఏం చేసుకుంటాం? వీసా స్పాన్సర్ చెయ్యని కంపెనీ ఎంత జీతమిస్తానన్నా మనకి పనికిరానట్టే! ఇలాంటివాటికి మార్కులు వెయ్యకూడదు. అవును, కాదు అని ముందే వడపోసి, మిగిలినవాటికే మార్కులు వెయ్యాలి.

వడపోతలో నిలిచిన సాల్ట్ లేక్‌కీ లోపాలున్నాయి. అక్కడి డెల్టా సెంటర్ బాస్కెట్‌బాల్ కోసం కట్టింది. తొలి సీజన్లో ఆట పూర్తిగా కనిపించిన సీట్లు సుమారు 11 వేలే. క్విబెక్‌కి ఇంకో చిక్కు: టికెట్ల ఆదాయం కెనడా డాలర్లలో, ఆటగాళ్ళ జీతాలు అమెరికా డాలర్లలో.

గడువుని ఆరు నెలలనుంచి మూడేళ్ళకి మార్చి ఇదే వడపోత మళ్ళీ నడిపి చూడండి. యజమాని దొరకడానికీ, రింకు సిద్ధం చెయ్యడానికీ వ్యవధి ఉంటుంది కాబట్టి హ్యూస్టన్ మళ్ళీ పట్టికలోకి వస్తుంది.