రాడ్డు సైజు చెప్పండి, జనరేటర్ సంగతి తర్వాత
ప్రశ్నలు - జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఒకే బాధ మీద వచ్చాయి: కరెంటు లేని చోట జనరేటర్ పెట్టి వెల్డింగ్ చేయడం. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లెటూరు. గేట్లు, రేకుల షెడ్లు చేస్తుంటాను. 200 యాంప్స్ ఇన్వర్టర్ మిషన్ ఉంది. పొలాల్లో పనికి జనరేటర్ కొందామని వెళ్తే ఒక షాపులో 3 కేవీఏ చాలన్నారు. ఇంకో షాపులో 10 కేవీఏకి తగ్గితే ఇంజను నిలబడదన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మీరు ఏ రాడ్డు కాలుస్తారో మాత్రం ఇద్దరూ అడగలేదు. లెక్క అక్కడ మొదలుపెట్టి వెనక్కి రావాలి.

గేట్లకు వాడే పల్చటి స్క్వేర్ పైపుకు 12 గేజు రాడ్డు, అంటే 2.5 ఎంఎం సరిపోతుంది. అది 75 యాంప్స్ దగ్గర హాయిగా కాలుతుంది. ఆర్క్ దగ్గర వోల్టేజి 23 ఉంటుంది కాబట్టి అక్కడ ఖర్చయ్యేది 1,700 వాట్లకు కాస్త పైన. మిషన్ వేడెక్కడంలో ఆరో వంతు, ఏడో వంతు పోతుంది. అదీ కలిపితే 2,000 వాట్లు. మామూలు ఇన్వర్టర్ మిషన్ల పవర్ ఫ్యాక్టర్ 0.7 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి జనరేటర్ మీద పడే బరువు 2.9 కేవీఏ. 3 కేవీఏ చాలన్న షాపాయన ఈ లెక్కే చెప్పి ఉంటాడు, కాకపోతే ఊపిరి తీసుకునే సందు లేకుండా చెప్పాడు.

షెడ్డు ట్రస్సులకు 10 గేజు (3.15 ఎంఎం) పట్టారనుకోండి. 100 యాంప్స్, 24 వోల్టులు. పై లెక్కలోనే పెడితే 4 కేవీఏ. 8 గేజు రాడ్డు 160 యాంప్స్ మీద కాలిస్తే 7 కేవీఏ దాటుతుంది. మిషన్ నాబ్‌ను 200 దాకా తిప్పితే 9.4. పది కేవీఏ అన్నాయన నాబ్ చివరిదాకా తిప్పి చూశాడన్నమాట. మీ చేతిలో నాబ్ అక్కడిదాకా ఎన్నిసార్లు వెళ్తుందో మీకే తెలుసు. గేట్ల పనిలో నాకు తెలిసి అసలు వెళ్లదు.

వచ్చిన అంకె మీద పావు వంతు ఎక్కువ వేసుకోండి. 10 గేజు దాకా పని చేసే మీకు 5 కేవీఏ సరైనది. అయితే ఆ 5 ఏ 5 అన్నది ప్లేటు మీద చదవండి. అక్కడ రెండు అంకెలు ఉంటాయి. ‘మ్యాగ్జిమమ్’ అని పెద్దక్షరాల్లో ఉన్నది కాసేపటి ముచ్చట. ‘రేటెడ్’ అని చిన్నగా ఉన్నదే గంటల తరబడి ఇచ్చేది. డబ్బా మీద బొమ్మ పక్కన రాసేది ఎప్పుడూ మొదటిదే. ఎండాకాలం వేడికి ఇంజను ఇంకాస్త తగ్గుతుంది. ఎత్తు ప్రదేశాల్లో ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక శాతం పోతుంది. మీకు అది పెద్ద లెక్క కాదు గానీ, అరకు వైపు పని ఒప్పుకునేవాళ్లు పదో వంతు వదులుకోవాల్సిందే.

ప్రశ్న: నా దగ్గర నాన్నగారి కాలం నాటి కాపర్ వైండింగ్ మిషన్ ఉంది. 5 కేవీఏ పెట్రోల్ జనరేటర్‌కు కలిపితే రాడ్డు తగిలించగానే ఇంజను గుర్రుమని ఆగిపోతోంది. మీరు చెప్పే 10 గేజు రాడ్డే వాడుతున్నాను. — మిర్యాలగూడ

జవాబు: పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్‌కు లెక్క వేరు. రాడ్డు తగలకముందు దాని హోల్డర్‌లో 80 వోల్టుల దాకా ఉంటుంది. ఆ 80ని 100 యాంప్స్‌తో హెచ్చవేస్తే 8 కేవీఏ. ఆర్క్‌లో కాలేది 2.4 కిలోవాట్లే అయినా జనరేటర్ నుంచి లాగేది అంత. అదే రాడ్డుకు ఇన్వర్టర్ మిషన్ 4 కేవీఏతో సరిపెట్టుకుంటుంది. కెపాసిటర్ కట్టిస్తే తగ్గుతుందని ఎవరైనా చెబితే చిన్న జనరేటర్ మీద ఆ పని చేయకండి. వెల్డింగ్ ఆపిన క్షణంలో ఆ కెపాసిటర్ ఒక్కటే మిగిలి, వోల్టేజిని పైకి ఎగదోస్తుంది. నాన్నగారి మిషన్ షాపులో కరెంటు మీద ఇంకో ఇరవై ఏళ్లు పనిచేస్తుంది, అక్కడే ఉంచండి. బయటి పనులకు చిన్న ఇన్వర్టర్ మిషన్ కొనడం పెద్ద జనరేటర్ కొనడం కంటే చవక.

ప్రశ్న: మాది ఆకివీడు. రొయ్యల చెరువు మీద ఏరేటర్ల కోసం 15 కేవీఏ త్రీఫేజ్ డీజిల్ జనరేటర్ ఉంది. ఏరేటర్ ఫ్రేము విరిగితే దాని మీదే వెల్డింగ్ చేయించాను. మొదట రాడ్డు అంటుకుపోయింది, కాసేపటికి మిషన్‌లోంచి పొగ వచ్చింది. 15 కేవీఏ కూడా చాలదా?

జవాబు: మీకున్నది 15 కాదు, మూడు అయిదులు. సింగిల్ ఫేజ్ మిషన్ ఒక ఫేజు మీద నుంచే తీసుకుంటుంది, ఆ ఫేజులో ఉన్నది 5 కేవీఏ. ఆ సమయంలో రెండు హార్స్‌పవర్ ఏరేటర్లు నాలుగు తిరుగుతున్నాయంటే ఒక్కోటి రెండు కేవీఏ పైనే తింటుంది. మొత్తం ఎనిమిది దాటింది, ఫేజుకు రెండున్నర పైచిలుకు పోయింది. మిగిలిన రెంటితో 10 గేజు రాడ్డు ఎలా కాలుతుంది? అంటుకుపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

పొగ సంగతి వేరు. అది జనరేటర్ చాలక వచ్చేది కాదు. జనరేటర్ న్యూట్రల్ టెర్మినల్ విప్పి చూడండి. మీ ప్రాంతంలో ఉప్పు గాలికి బోల్టు కింద లగ్గు పచ్చగా చిలుము పట్టి, పైకి బిగువుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం పట్టు ఉండదు. న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 దగ్గరికి రావచ్చు. త్రీఫేజ్ మోటార్లకు న్యూట్రల్‌తో పని లేదు కాబట్టి ఏరేటర్లు ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటాయి, చచ్చేది వెల్డింగ్ మిషనే. లగ్గు మార్చి, గీకి, బిగించి, ఒక్కో ఫేజుకు న్యూట్రల్‌తో మీటరు పెట్టి చూశాకే ఈసారి మిషన్ కలపండి.

వెల్డింగ్ మిట్టమధ్యాహ్నం పెట్టుకోండి. ఎండ బాగా ఉన్నప్పుడు నీళ్లలో ఆక్సిజన్ నిలబడుతుంది కనుక కొన్ని ఏరేటర్లు కాసేపు ఆపే వీలుంటుంది. మబ్బు పట్టిన రోజున మాత్రం వద్దు. ఫ్రేము పోతే పోయింది, పంట పోకూడదు.

ప్రశ్న: మోత భరించలేక జనరేటర్‌ను 40 మీటర్ల దూరంలో పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద వెల్డింగ్ చేస్తున్నాను. రాడ్డు సరిగా పట్టుకోవడం లేదు. — అనంతపురం

జవాబు: వైరు ఎంత మందమో రాయలేదు. బోర్డుతో కలిపి అమ్మే వైరు మామూలుగా 1.5 స్క్వేర్ ఎంఎంకు మించదు. దాంట్లో 17 యాంప్స్ 40 మీటర్లు వెళ్లి తిరిగి వస్తే 16 వోల్టులు దారిలోనే పోతాయి. అసలే జనరేటర్ వోల్టేజి లోడు మీద కుంగి ఉంటుంది. 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు వేస్తే పోయేది ఆరు వోల్టులే. వైరు మొత్తం చుట్ట విప్పి పరవండి. చుట్టలో ఉంచి లోడు ఇస్తే మధ్య పొరల వేడి బయటికి పోక పైతొడుగు కరుగుతుంది. చుట్ట మధ్యలో వేలు పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మావారికి వెల్డింగ్ షాపు ఉంది. రాత్రిళ్లు కరెంటు పోతే, చుట్టుపక్కలవాళ్లు మోత అంటున్నారని జనరేటర్ లోపలే పెట్టి షట్టర్ సగం దించి పని చేస్తున్నారు. ఇంటికొచ్చాక తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉందంటున్నారు. వెల్డింగ్ పొగ వల్లేనా?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదవగానే ఆయనతో ఆ పని మాన్పించండి. మీరు చెప్పిన లక్షణాలు జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌వి. దానికి రంగూ వాసనా ఉండవు. వెల్డింగ్ పొగ కంటికి కనపడుతుంది, ఇది కనపడదు. సగం షట్టరు, టేబుల్ ఫ్యాను దీన్ని ఆపలేవు. మత్తు కమ్మాక లేచి బయటికి రావాలన్న తెలివి కూడా ఉండదు. జనరేటర్ ఆరుబయటే ఉండాలి, గొట్టం కిటికీల వైపు కాకుండా తిప్పి పెట్టాలి. ఇకపై తల తిరిగితే ముందు బయటి గాలిలోకి, తర్వాత నేరుగా ఆసుపత్రికి. మోత గురించి చుట్టుపక్కలవాళ్లతో నేను మాట్లాడనా అని ఆయన్ని అడగండి. చాలాసార్లు ఆ మాట ఆడవాళ్లు మాట్లాడితేనే తెగుతుంది.

ప్రశ్న: వానాకాలంలో హోల్డర్ పట్టుకుంటే జివ్వుమంటోంది. జనరేటర్‌కు ఎర్త్ లేకపోవడం వల్లా? ఈఎల్‌సీబీ పెట్టిస్తే పోతుందా?

జవాబు: జివ్వుమనేది హోల్డర్ దగ్గరి 60-80 వోల్టులు. దానికీ జనరేటర్ ఎర్త్‌కూ సంబంధం లేదు. తడిసిన గ్లోవ్స్ మార్చండి, రబ్బరు బూట్లు వేసుకోండి, తడి నేల మీద ఎండు చెక్క వేసుకుని నిలబడండి. ఇక ఈఎల్‌సీబీ. చిన్న జనరేటర్లలో చాలావాటికి బయటికొచ్చే రెండు వైర్లలో ఏదీ బాడీకి కలిసి ఉండదు. అప్పుడు ఈఎల్‌సీబీ పెట్టినా అది పడాల్సినప్పుడు పడకపోవచ్చు. న్యూట్రల్‌ను బాడీకి, బాడీని ఎర్త్ రాడ్డుకు కలిపించాలి. అది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, సొంతంగా పెట్టుకోకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ జనరేటర్ కొన్నాను. లోడు లాగడం లేదంటే మెకానిక్ గవర్నర్ స్క్రూ బిగించి రేసు పెంచాడు. ఇంజను బాగానే లాగుతోంది కానీ వారంలో మిషన్ బోర్డు పోయింది. — ఏలూరు

జవాబు: ఈ తరహా చిన్న ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్. రేసు పెంచితే దాంతో పాటు వోల్టేజి కూడా ఎక్కుతుంది, ముఖ్యంగా ఏవీఆర్ (వోల్టేజి రెగ్యులేటర్) లేకుండా కెపాసిటర్ మీద నడిచేవాటిలో. లోడు మీద 230 చూపించేది, రాడ్డు ఎత్తగానే 280కి ఎగరవచ్చు. ఇన్వర్టర్ మిషన్ లోపల 230 వోల్టులు 325 వోల్టుల డీసీ అవుతాయి. 280 అయితే అది 396. లోపలి కెపాసిటర్లు చాలా మిషన్లలో 400 వోల్టులవే. మీ బోర్డు అంచు మీద నడిచి నడిచి పడిపోయింది.

స్క్రూ వెనక్కి తిప్పించి, లోడు లేకుండా మీటరు పెట్టి చూడండి. 245 దాటితే మిషన్ కలపవద్దు. రోజూ పనిలో కూడా జనరేటర్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు తిరగనిచ్చాకే మిషన్ స్విచ్ వేయండి. ఆపేటప్పుడు ముందు మిషన్, తర్వాత ఇంజను. పెట్రోలు అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా చూడకండి. 5 కేవీఏ నిండు లోడు మీద గంటకు రెండు లీటర్ల పైనే తాగవచ్చు, దాన్నిబట్టి ట్యాంకు చూసుకుని, ఇంజను ఆపి, చల్లారాకే పోయండి.