ప్రాగ్‌లో ఒక శీతాకాలపు ఉదయం

ఒక జనవరిలో ఒంటరిగా ప్రాగ్ వెళ్ళాను. 1410 నాటి ఖగోళ గడియారం చూశాను, చార్లెస్ వంతెన దాటాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఫోటోల సంగతి సరేసరి!

నన్ను నిలబెట్టేసింది మాత్రం వెన్సెస్లాస్ స్క్వేర్‌లో, నేషనల్ మ్యూజియం ముందు, నేలలోనే పొదిగిన కంచు శిలువ. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వాన సైన్యాలు దేశంలో దిగాయి. కొన్నాళ్ళకు జనం రాజీపడసాగారు. ఆ నిర్లిప్తతను కదిలించాలని యాన్ పలాఖ్ 1969 జనవరి 16న ఇక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకు పోయాడు. వయసు ఇరవై. 1348లో స్థాపించిన చార్లెస్ యూనివర్సిటీ విద్యార్థి, అంటే మనలాంటివాడే. ఆ పని సరైనదని నేననలేను, బతికుండాల్సినవాడనిపించింది.

1989 జనవరిలో అతన్ని స్మరించుకోవడానికి వచ్చినవాళ్ళను పోలీసులు చెదరగొట్టారు. ఆ ఏడాది చివరికి ఆ పాలనే లేదు.

ఒక ముసలావిడ సంచీ కింద పెట్టి, శిలువ మీది మంచు చేత్తో తుడిచి, తన దారిన వెళ్ళిపోయింది.