కాఫీ కాయ తొలిచే పురుగు: కందిరీగను నమ్మి సరుకు కొనవచ్చునా?

ఆంధ్ర కాఫీ వర్తకులు ఇంతవరకు పేరు మాత్రమే విన్న కాయ తొలిచే పురుగు (బెర్రీ బోరర్) 2025లో అరకు లోయలో కనబడింది. కర్ణాటక, కేరళ, తమిళనాడు తోటలకు ఇది పాతకాపే. మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు వద్ద బయటపడింది. దీనిని అణచడానికి విదేశాల నుంచి కందిరీగలను తెప్పించారు గనుక భయం లేదన్న మాట వర్తకుల్లో వినబడుతూ ఉంటుంది. ఆ భరోసా విలువ ఎంతో సరుకు కొనేవారు తెలుసుకోవాలి.

ఈ పురుగు ఆఫ్రికాది. నువ్వుగింజ కన్నా చిన్నదైన నల్లని పెంకుపురుగు. శాస్త్రజ్ఞులు దీనిని 1867లో మొదటిసారి వర్ణించింది తోటలో చూసి కాదు, ఐరోపాకు దిగుమతి అయిన కాఫీ గింజల్లో చూసి. అంటే ఆనాటి నుంచే దీని ప్రయాణం వర్తకుడి బస్తాలో!

ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర రంధ్రం చేసి లోపలి గింజలో గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తింటూ అక్కడే పెరుగుతాయి, అక్కడే జతకడతాయి. మగపురుగులు ఎగరలేవు, లోపలే చస్తాయి. ఆడపురుగులు మాత్రం మరో కాయను వెతుక్కుంటూ పోతాయి. బతుకంతా గింజలోనే గనుక పైన చల్లిన మందు వీటికి సరిగా తగలదు. దక్షిణాది తోటల్లో ఒకప్పుడు వాడిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. అరకు సరుకుకు సేంద్రియమన్న పేరు మీదనే మంచి ధర పలుకుతుంది గనుక అక్కడ మందు మాట ఎత్తడానికే వీలులేదు.

అందుకే కందిరీగలు. కుట్టే కందిరీగలు కావివి, కంటికి సరిగా ఆనని పరాన్నజీవులు. సెఫలోనోమియా అనే జాతిని 1995లో మెక్సికో నుంచి మన దేశానికి తెచ్చారు. ఇది పురుగు చేసిన రంధ్రం గుండానే కాయలోకి దూరి గుడ్లను తింటుంది, పిల్లపురుగుల మీద తన గుడ్లు పెడుతుంది. కొలంబియా నుంచి వచ్చిన ఫైమాస్టికస్ పద్ధతి వేరు. రంధ్రం తొలుస్తున్న ఆడపురుగునే పట్టి దాని ఒంట్లో గుడ్లు పెడుతుంది.

వినడానికి బాగానే ఉంది. లెక్క దగ్గరే చిక్కు. కందిరీగలను పెంచాలంటే ముందు పురుగును పెంచాలి, దానికి మేతగా కాఫీ గింజలే పెట్టాలి. ఆ ఖర్చు తక్కువేమీ కాదు. పైగా కోత తర్వాత మిగిలిన కాయలను ఏరి నాశనం చేయడం ఈ పురుగుకు అసలైన విరుగుడు కాగా, అదే కాయల్లో ఉన్న కందిరీగలూ వాటితోపాటే పోతాయి. బ్రెజిల్ 1929లో ఉగాండా నుంచి ఒక కందిరీగను తెచ్చుకుంది. అది అక్కడ నిలదొక్కుకుంది, కాని పురుగు బెడద మాత్రం పోలేదు. కందిరీగ పురుగు సంఖ్యను తగ్గించగలదు, సున్నా చేయలేదు. అదీ ఒక్క కారులో కనబడే ఫలితం కాదు.

కొనుగోలుదారుకు ఆ మిగిలిన కొద్దిపాటి పురుగే నష్టం. అమెరికా స్పెషాల్టీ గ్రేడింగులో చాలాకాలం నడిచిన లెక్క ప్రకారం 350 గ్రాముల నమూనాలో మూడు లేక అంతకు మించి రంధ్రాలున్న గింజలు 5 ఉంటే ఒక పూర్తి లోపం. ఆ ఒక్కటి చాలు, సరుకు స్పెషాల్టీకి పనికిరాదు. ఒకటి రెండు రంధ్రాలవి 10 కలిస్తే ఒక లోపం. చెర్రీ కొనేవారికి ఔటర్న్ కూడా పడిపోతుంది. తొలిచిన గింజకు తూకం ఉండదు గదా!

కనుక బేరానికి ముందు గుప్పెడు కాయలు నీళ్ళలో వేసి చూడడం మంచిది. పుచ్చు కాయలు చాలావరకు తేలతాయి. తేలినవాటిని కోసి చూస్తే సంగతి తేలిపోతుంది. పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్ళలో 2, 3 నిమిషాలు ముంచితే లోపలిది చస్తుంది. ఈ పని తోటలోనే జరగాలి, గోదాముకు వచ్చాక కాదు. తేమ 10, 11 శాతానికి దిగని సరుకును ధర కలిసి వచ్చిందని నిలవ పెట్టరాదు. పచ్చిగా ఉన్న గింజలో పురుగు గోదాములోనూ పెరుగుతుంది.

ఇక గోనెలు. పురుగున్న తోటల నుంచి తిరిగివచ్చిన ఖాళీ సంచులను పొగబెట్టించకుండా కొండ మీదికి పంపే వర్తకుడు, కందిరీగ ఏడాది పొడుగునా చేసిన పనిని ఒక్క లారీతో చెడగొట్టగలడు.