బిగిసిన భుజము – విడువరాని సాధన

మన ఇండ్లలో పెద్దలు 'భుజం పట్టేసింది' అని తరచు అంటూ ఉంటారు. ప్రక్క తిరిగి పడుకొన్నందువల్లనో, చలిగాలి తగిలినందువల్లనో అని సరిపెట్టుకొని, ఏదో తైలం రాచి ఊరకుంటారు. ఆ మాట వెనుక ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి బాధించే వ్యాధి ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి అది మరింత ఎక్కువగా వస్తుంది. చికిత్స జరిగిన పిదప చేయి తిరిగి స్వాధీనం కావడం ఎట్లు అన్నదే ఇచట మేము ముఖ్యంగా చెప్పదలచిన విషయం.

అమెరికా శస్త్రవైద్యుడు కాడ్‌మన్ 1934లో ఈ వ్యాధికి 'ఫ్రోజెన్ షోల్డర్' అని పేరు పెట్టాడు. గడ్డకట్టిన భుజమని దాని అర్థం. భుజపు కీలును సంచివలె చుట్టి ఒక పొర ఉంటుంది. అది వాచి, మందమై, ముడుచుకొనిపోవడమే ఈ వ్యాధి. మొదట నొప్పి, తరువాత బిగువు, చివరకు మెల్లని సడలింపు అని దీనికి మూడు దశలు. సామాన్య జనులలో నూటికి సుమారు 2 నుండి 5 మందికి ఇది వస్తే, మధుమేహం ఉన్నవారిలో నూటికి 10 నుండి 20 మందికి వస్తుందని అంచనా. రక్తంలో హెచ్చిన చక్కెర కొల్లాజెన్ అనే మాంసకృత్తికి అంటుకొని, దానిని బిరుసు చేయడం ఇందుకొక కారణమని వైద్యులు భావిస్తున్నారు.

స్టెరాయిడ్ ఇంజెక్షనుతో కూడిన వ్యాయామం, మత్తు ఇచ్చి చేయి వంచడం, చిన్న రంధ్రాల ద్వారా పొరను కోసి వదులు చేయడం అనే మూడు పద్ధతులను బ్రిటన్‌లో 503 మంది రోగులపై పోల్చి చూశారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. ఏ ఒక్కటీ మిగిలినవానికంటె స్పష్టంగా మేలని తేలలేదు. మూడింటిలోను వ్యాయామం మాత్రం ఉన్నదన్న సంగతి గమనింపదగినది.

ఈ సత్యాన్ని మేము మా ఇంటిలోనే ఆలస్యంగా తెలిసికొన్నాము. ఇంజెక్షను తరువాత మా తల్లిగారికి నొప్పి తగ్గింది. వ్యాయామం మానివేశారు. 'నొప్పి పోయింది కదా, ఇక ఎందుకమ్మా' అన్నది మేమే. రెండు నెలలకు చేయి చెవి దాక కూడ లేవలేదు. మనుమరాలికి జడ వేయలేక ఆమె కన్నీరు పెట్టుకొన్న నాడు మా పొరపాటు మాకు అర్థమైంది. నొప్పి పోవడం వేరు, చేయి తిరగడం వేరు.

అప్పుడు ఫిజియోథెరపిస్టు నేర్పిన సాధనలు సులభమైనవే. బాగున్న చేతిని బల్లపై ఆనించి ముందుకు వంగి, రెండవ చేతిని వ్రేలాడవేసి లోలకం వలె త్రిప్పడం మొదటిది. గోడపై వ్రేళ్లను ప్రాకించుచు చేతిని పైకి తీసికొనిపోవడం రెండవది. మోచేయి ప్రక్కకు ఆనించి, కర్రతో ముంజేతిని వెలుపలికి నెట్టడం మూడవది. వీపు వెనుక తువాలు పట్టి, పై చేతితో క్రింది చేతిని మెల్లగా లాగడం నాలుగవది. సాగుచున్నట్లు అనిపించవచ్చు గాని, పోటు రాకూడదు. రోజుకు రెండు మూడు పర్యాయాలు కొద్దికొద్దిగా చేయడం, ఒకనాడు విపరీతంగా చేయడం కంటె మేలు.

మధుమేహం ఉన్నవారు మరికొన్ని జాగ్రత్తలు పాటించాలి. స్టెరాయిడ్ ఇంజెక్షను తరువాత కొన్నాళ్లు రక్తంలో చక్కెర పెరుగుతుంది గనుక తరచు పరీక్షించుకోవాలి. స్పర్శ తగ్గినవారు కాపడం పెట్టేటప్పుడు వేడిని మరొకరిచేత చూపించుకోవాలి. భుజం నొప్పితో పాటు గుండెలో బరువు, చెమట, ఆయాసం కలిగితే అది గుండె జబ్బు కావచ్చును, వెంటనే ఆసుపత్రికి పోవలెను. శస్త్రచికిత్స అయినవారు వైద్యుడు చెప్పిన క్రమాన్నే అనుసరించాలి.

ఎనిమిది నెలల సాధన తరువాత మా తల్లిగారు మనుమరాలికి మరల జడ వేశారు. వీపు వెనుకకు చేయి ఇంకను పూర్తిగా పోవడం లేదు. సాధన సాగుచునే ఉన్నది. విద్యార్థులారా! మీ ఇంటిలో ఎవరైన పై అరలోని డబ్బా అందుకోలేక ఆగిపోతే, అది వయసు వల్లనని ఊరకుండక వైద్యునికి చూపించండి. చికిత్స పిదప దినమునకు పది నిమిషాలు వారి ప్రక్కన నిలబడి సాధన చేయించండి. మేము ఆలస్యంగా చేసిన పనిని మీరు ముందే చేయగలరు.