అత్త చేతికి పలికే బొమ్మ

కాశీబుగ్గ ఫ్లెక్సీ షాపులో పనిచేసే నా నేస్తం, సెలవులకి నేను బండి దిగగానే అడిగే ప్రశ్న ఒకటే. "ఒరే, నువ్వు సదివేదానికి మనకాడ ఉద్యోగముందేటి?"

నేను విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాది చదువుతున్నాను. మనిషి దగ్గరికొస్తే కదిలే బొమ్మ, చప్పట్లు కొడితే వెలిగే గోడ, మాట వింటే రంగు మారే తెర, ఇలాంటివి చేయడం నా చదువు. ప్రయోగాత్మక కళ అనీ, ఇంటరాక్టివ్ ఆర్ట్ అనీ, డిజిటల్ ఆర్ట్ అనీ పేర్లు చాలా ఉన్నాయి. నాకు తెలిసి ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఆ పేర్లతో ఒక్క ఉద్యోగం లేదు. జీడిపప్పు ఫ్యాక్టరీలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, కొబ్బరి వ్యాపారం, నౌపడ ఉప్పు మడులు మనకు అన్నం పెడుతున్నాయి. వీటిలో ఎవరూ డిజిటల్ ఆర్టిస్టు కావలెనని బోర్డు కట్టరు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది తేలిగ్గా చెప్పొచ్చు. ఉద్యోగం లేదు గానీ పని ఉంది. ఆ పనికి కావలసినవాళ్ళు ఇప్పటికే ఫ్లెక్సీ డిజైన్లు చేస్తూ, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తూ, సంబరాలకు లైటింగ్ కడుతూ, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి ఇళ్ళ వైరింగులు చేస్తూ మన మధ్యే తిరుగుతున్నారు. నేను రాస్తున్నది వాళ్ళకోసం. ఉన్న పని మాత్రం మానకండి.

నేను చేసిన పెద్ద తప్పుతో మొదలుపెడతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను బడిపిల్లాణ్ణి. తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా నేలమీద పడి ఉన్నాయి, జీడిమామిడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి. మూడో ఏడాది ప్రాజెక్టుకి అదే తీసుకున్నాను. తెరమీద కొబ్బరితోట ఉంటుంది. మైకులో ఊదితే చెట్లు వంగుతాయి, గట్టిగా ఊదితే కూలిపోతాయి. విశాఖలో ప్రదర్శన పెట్టినప్పుడు జనం వరస కట్టారు. పిల్లలు బుగ్గలు పొంగించి మరీ ఊదారు. మార్కులు బాగానే పడ్డాయి. ఆ ఊపులో లాప్‌టాప్ ఇంటికి తెచ్చి మా నాయనమ్మ ముందు పెట్టి, ఊదమన్నాను. ఆవిడ తెరవైపు కాసేపు చూసింది. "నానెందుకు పడగొడతాన్రా?" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను బొమ్మ గురించి ఆలోచించాను, గాలి లెక్క గురించి ఆలోచించాను, చెట్టు ఎంత వంగితే నిజంగా కనిపిస్తుందో వారం రోజులు కూర్చుని సరిచేశాను. చూసేవాళ్ళ చేత ఏం చేయిస్తున్నానో మాత్రం ఆలోచించలేదు. విశాఖలో ఊదడం ఒక ఆట. మా ఇంట్లో అది ఆ రాత్రి. గోడకి తగిలించిన పటానికి ఈ చిక్కు లేదు, ఎవరూ దాన్ని ఏమీ చేయనక్కర్లేదు కాబట్టి. మన పనిలో చేయించే చేష్టే సగం అర్థం. పెళ్ళి మండపంలో పెట్టే బొమ్మయినా, బడిలో పెట్టే పరికరమైనా, ఆర్డరు ఇచ్చేవాళ్ళని మొదట అడగవలసింది రంగుల గురించి కాదు. ఎవరొస్తారు, ఏ వయసువాళ్ళు, చేతిలో ఏముంటుంది, నిలబడతారా, నడిచిపోతారా?

తర్వాత ఆ బొమ్మని తిరగేశాను. చెయ్యి దగ్గరగా పెట్టి ఉంచినంతసేపూ కొబ్బరిమొక్క ఒక్కో మట్టా వేస్తుంది. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. మన పొడుగురకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది కాబట్టి, చెట్టు పూర్తిగా ఎదగడానికి కావాలనే చాలాసేపు పట్టేట్టు పెట్టాను. పిల్లలకి విసుగొచ్చింది. పెద్దవాళ్ళు వంతులేసుకుని చేతులు పెట్టారు. నాయనమ్మ కూడా పెట్టింది. ఏమీ అనలేదు.

ఈ రెండో బొమ్మకి మొదట టచ్ స్క్రీన్ వాడాను. అక్కడ ఇంకో పాఠం. మా మేనత్త పలాసలో జీడి ఫ్యాక్టరీలో పీలింగ్ పని చేస్తుంది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్నవాళ్ళ వేళ్ళ మీద గీతలు అరిగిపోయి, వేలిముద్రల మెషిన్ దగ్గర ముద్ర పడక నిలబడిపోవడం పలాసలో అందరికీ తెలిసిందే. అత్త తెరమీద రెండుసార్లు వేలు నొక్కింది, అది పలకలేదు. "మెషిన్లకి నా సెయ్యంటే పడదురా" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. టచ్ తీసేసి దూరం కొలిచే సెన్సర్ పెట్టాను. మార్కెట్లో కొన్ని వందల రూపాయలలోపే దొరికే అల్ట్రాసోనిక్ సెన్సర్ అది. మనకి వినపడని చప్పుడు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా దూరం చెప్పేస్తుంది. చర్మం గరుకైనా, జీడినూనెతో నల్లబడినా, గోరింటాకు పెట్టుకున్నా దానికి ఒకటే. ఏ ఊళ్ళో పెడుతున్నారో ఆ ఊరి చేతులు చూసి సెన్సర్ ఎంచుకోండి.

లోపల ఉండే పనితనం మీరనుకున్నంత కొత్తదేం కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో రంగు చూసి ఏరే మెషిన్‌ని గమనించారా? పప్పు జారుడు పళ్ళెం మీంచి రాలుతుంటే కెమెరా చూస్తుంది, మచ్చ ఉందా లేదా అని లోపలి ప్రోగ్రాం తేల్చుతుంది, ఉంటే గాలి గొట్టం ఫట్‌మని ఊది ఆ పలుకుని పక్కకి తోసేస్తుంది. నా కొబ్బరిమొక్క కూడా అంతే. ఒకటి గమనిస్తుంది, ఒకటి తేల్చుతుంది, ఒకటి కదిలిస్తుంది. అలాంటి మెషిన్ మీద ఆపరేటరుగా చేసినవాళ్ళకి, లెన్సు మీద పొట్టు పడితే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి, నా క్లాసులో చాలామందికి తెలియనిది తెలుసు. ఆ మెషినే చేత్తో ఏరే ఆడవాళ్ళ పని తగ్గిస్తుందన్న సంగతి కూడా నాకు తెలుసు. దాన్ని దాచి దాని గొప్ప చెప్పలేను.

అసలు మన దగ్గర ఈ కళకి పెద్దమనుషులు లైటింగువాళ్ళు. అమ్మవారి సంబరాలకి వెదురు చట్రాల మీద బల్బులతో దేవుళ్ళనీ, నెమళ్ళనీ, తిరిగే చక్రాలనీ నిలబెట్టేవాళ్ళు. పాత రోజుల్లో దాని వెనక ఒక డ్రమ్ము తిరుగుతుండేది. డ్రమ్ము మీద అతికించిన రేకులు ఏ వరసలో తగిలితే ఆ వరసలో బల్బులు వెలిగేవి. అది చేత్తో రాసిన ప్రోగ్రామే. ఇప్పుడు డ్రమ్ము పోయి పిక్సెల్ ఎల్‌ఈడీలు, మెమరీ కార్డు పెట్టే కంట్రోలర్లు వచ్చాయి. ఈ పనిలో ముసలైపోయిన ఒక తాత నా ప్రాజెక్టు చూసి అన్న మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. "ఎలగడం పెద్ద పని కాదు బావూ. మూడో రాత్రి కూడా ఎలగాల."

మూడో రాత్రి కూడా వెలగాలంటే లెక్క తెలియాలి. మామూలుగా దొరికే 5 వోల్టుల పిక్సెల్ పట్టీలో ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు తింటుంది. మీటరుకి 60 చొప్పున 5 మీటర్ల పట్టీలో 300 ఉంటాయి. అంటే 18 ఆంపియర్లు. మొబైల్ చార్జర్ పెట్టి, చివర్లో రంగు ఎర్రబడుతోందేమిటి అని తల పట్టుకునేది ఇక్కడే, నేనూ పట్టుకున్నాను. సరిపడే పవర్ సప్లై తీసుకోండి, పట్టీకి రెండు కొసల నుంచీ కరెంటు ఇవ్వండి, వెలుతురు మూడోవంతుకి తగ్గించండి. కంటికి పెద్ద తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఇక సంబరం అంటే ముర్రాటలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, పసుపు నీళ్ళకి తడిసిన నేల, చెప్పుల్లేని కాళ్ళు. మనిషి చెయ్యి తగిలేచోట 5 వోల్టులకి మించి పోనివ్వకండి. 230 వోల్టుల వైపు ఎర్తింగూ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయకండి. కమిటీవాళ్ళు తొందరపెడతారు, పెట్టనివ్వండి. బారువ, భావనపాడు వైపు సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి కనెక్టర్లని ఇట్టే తినేస్తుంది. టంకం వేసిన చోటల్లా సిలికాన్ పూసి, ప్రతి భాగానికీ ఒక జత అదనంగా సంచిలో వేసుకెళ్ళండి.

నేర్చుకోవడానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. కళాకారుల కోసమే 2001లో మొదలైన ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని తోబుట్టువు పీ5 జేఎస్ ఫోను బ్రౌజర్లోనే నడుస్తుంది కాబట్టి, లాప్‌టాప్ లేదని ఆగనక్కర్లేదు. తేల్చే పనికి ఆర్డుయినో బోర్డు ఒకటి, గమనించడానికి సెన్సర్ ఒకటి, వెలగడానికి చిన్న ఎల్‌ఈడీ పట్టీ ఒకటి కొనండి. మొదటి నెలంతా ఒక సెన్సర్, ఒక దీపం. అంతకన్నా వద్దు. ఇంగ్లీషు రాదని జంకకండి. ఫోటోషాప్ మెనూలు ఇంగ్లీషులో ఉన్నాయని ఫ్లెక్సీ షాపులో ఎవరైనా ఆగిపోయారా?

అన్నీ ఒక్కడే నేర్చుకోవాలన్నది మా కాలేజీ పిల్లల భ్రమ. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో తొమ్మిది రాత్రుల ప్రదర్శనలు జరిగాయి. ఈ కళ చరిత్ర ఎవరు రాసినా వాటి పేరెత్తకుండా ఉండరు. అందులో కళాకారులు పదిమంది, వాళ్ళతో పనిచేసిన ఇంజనీర్లు ముప్ఫైమంది దాకా. ఒక్క కళాకారుడికి ముగ్గురు వైరు పట్టుకునేవాళ్ళన్నమాట. మీరు డిజైనరైతే ఒక ఎలక్ట్రీషియన్‌ని వెతుక్కోండి, ఎలక్ట్రీషియనైతే డిజైనర్ని. ప్రయోగం అనేది దూరదేశాల సరుకని కూడా అనుకోకండి. బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి 1960ల చివర జముకుల కథని తీసుకుని, పాత జముకుతో కొత్త సంగతి పలికించాడు. ఆయన విప్లవ రాజకీయాలతో ఏకీభవించేవాళ్ళూ ఉన్నారు, లేనివాళ్ళూ ఉన్నారు. ఉన్న వాద్యాన్ని ఉన్న జనం ముందు వేరేలా వాడటం ప్రయోగమని ఎవరైనా ఒప్పుకోవాలి.

డబ్బు దగ్గరికొద్దాం. కొటేషన్‌లో తయారీ, బిగింపు, మెయింటెనెన్సు మూడూ వేరు వేరు వరసల్లో రాయండి. సగం అడ్వాన్సు చేతికి రాకుండా వైరు కొనకండి. "పేరొస్తుంది కదా, ఉచితంగా చెయ్యి" అనేవాళ్ళు ఎదురైతే జనరేటరువాడికి ఎంతిస్తున్నారని అడగండి. చిన్న వ్యాపారాలకి చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఫీజు అడిగే మధ్యవర్తికి పైసా ఇవ్వకండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ అక్కర్లేదు. సామానుకి అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు కింద 50 వేల దాకా అడగొచ్చు. అయితే తొలి పరికరం అప్పు చేసి చేయకండి, అది పాడవుతుంది.

షాపులో పనిచేసేవాళ్ళు తప్పక చూసుకోవలసింది 1957 కాపీరైటు చట్టం. జీతానికి, ఉద్యోగంలో భాగంగా చేసినదాని మీద, వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానిది. డబ్బు తీసుకుని ఆర్డరు మీద గీసిన బొమ్మకీ, తీసిన ఫోటోకీ, వీడియోకీ అంతే, ఆర్డరు ఇచ్చినవాళ్ళదే. కాబట్టి మీ సొంత ప్రయోగాన్ని షాపు కంప్యూటర్లో షాపు టైములో చేయకండి. ఆర్డరు తీసుకుంటే హక్కు ఎవరిదో కాగితం మీద రాయించండి. హక్కు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకే అనుకుంటుంది. ఇచ్చేసిన తర్వాత కూడా, చేసింది మీరే అని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు మీ దగ్గరే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కితే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు తిరిగివ్వమనీ, 5 లక్షల పరిహారం కట్టమనీ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎన్నేళ్ళు పట్టిందో కూడా లెక్కేసుకోండి.

బయటికి వెళ్ళి ఉద్యోగం చేస్తామనేవాళ్ళు డిజిటల్ ఆర్టిస్టు అని వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. విశాఖలో, హైదరాబాదులో మోషన్ గ్రాఫిక్స్, ఏవీ (ఆడియో విజువల్) టెక్నీషియన్, ఎగ్జిబిషన్ ప్రొడక్షన్ అని వెతకండి. అందులో ఏవీ టెక్నీషియన్ పనికి డిగ్రీ కన్నా చేతిపనే ఎక్కువ చూస్తారు. ఇంకా చదవాలనుంటే, డిగ్రీ అయినవాళ్ళు ఐఐటీల్లో డిజైన్ పీజీకి సీడ్ పరీక్ష రాయొచ్చు. ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి కొచ్చిలో బినాలేతోపాటు స్టూడెంట్స్ బినాలే కూడా జరుగుతుంది, దాని ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. ఎక్కడికి పంపినా నిమిషమున్నర వీడియో చాలు. అందులో పరికరం ఒక్కటే కనిపిస్తే లాభం లేదు, దాని ముందు ఎవరిదో ఒకరి చెయ్యి కనిపించాలి. మావాళ్ళు నూటికి తొంభైమంది ఇక్కడ తప్పుతారు, ఖాళీ గదిలో అందంగా తీసి పంపుతారు.

కాశీబుగ్గ నేస్తం ఇప్పుడు ఐటీఐ చదివిన ఒకడితో జత కట్టాడు. మొన్న ఒక కల్యాణ మండపం వాళ్ళు, గుమ్మం దగ్గర మనిషి అడుగుపెట్టగానే దీపాల తోరణం ఒక్కో దీపంగా వెలగాలని అడిగారట. వాడు తొలి కొటేషన్ రాసి నాకు వాట్సాప్‌లో పంపాడు. తయారీ రాశాడు, బిగింపు రాశాడు, మెయింటెనెన్సు మర్చిపోయాడు. వెనక్కి పంపి మళ్ళీ రాయించాను.