తిమ్మిరి అంతా షుగర్‌దే కాదు

ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. నేను ఉద్యోగంలో చేరిన నాటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబర్ 11న మూడు వేరు వేరు జిల్లాలయ్యాయి. అప్పట్లో మా తిరుగుడంతా మలేరియాకు, టీబీకి, పిల్లల టీకాలకు. ఇప్పుడు ఏ ఊరికి, ఏ తండాకు పోయినా నెలనెలా షుగర్ గోలీలు తీసుకునేవాళ్లే ఎదురవుతున్నారు. నేనూ ఆ గోలీ వేసుకునేవాడినే. దాని పేరు మెట్‌ఫార్మిన్. అది మంచి మందు. అయితే ఏళ్ల తరబడి వాడితే కొందరికి ఒంట్లో బీ12 విటమిన్ తగ్గిపోతుంది. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. నేను చూసి తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. ముందు గోలీ పేరు తెలుసుకోండి.

ఏం గోలీ అంటే “షుగర్ గోలీ” అంటారు, అంతే. షీటు వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు గ్లిమెపిరైడ్‌తోనో విల్డాగ్లిప్టిన్‌తోనో కలిపి మెట్‌ఫార్మిన్ ఉంటుంది. పక్కన 500, 850, 1000 అని అంకె ఉంటుంది. రోజు మొత్తంలో ఎన్ని మిల్లీగ్రాములు పడుతోందో లెక్క కట్టండి. మోతాదు పెరిగినకొద్దీ, ఏళ్లు గడిచినకొద్దీ బీ12 తగ్గే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో చదువుకునే పిల్లలతో ఒక కాగితం మీద మూడు సంగతులు రాయించండి: మందు పేరు, రోజు మోతాదు, మొదలుపెట్టిన సంవత్సరం. డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ మూడోది. ఎవరికీ గుర్తుండనిదీ అదే.

2. కాళ్లు చెప్పేది వినండి.

పాలకుర్తి వైపు ఒక ఊళ్లో ఒకామె పత్తి చేను నుంచి ఇంటికొచ్చి గడప దగ్గర చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. “యాడ ఊడిందో తెల్వదు సారూ, ఇంటికొచ్చినంకనే చూసుకున్న” అంది. అరికాళ్లు మొద్దుబారి చాలా రోజులైందట. షుగర్ ముదిరిందని ఇంట్లోవాళ్లు, వాడకట్టువాళ్లు తీర్మానించేశారు. తిమ్మిరికని మెడికల్ షాపులో తెచ్చిన గోలీలు మింగుతోంది, మగతగా పడుకుంటోంది.

షుగర్ కాళ్ల నరాలను దెబ్బతీస్తుందన్నది నిజమే. బీ12 తక్కువైనా నరాలు దాదాపు అలాగే చెడతాయి. పైకి చూసి ఇది దానిది, అది దీనిది అని విడదీయడం డాక్టరుకే కష్టం. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. అయితే తేడా ఒకటుంది. బీ12 లోటు వల్ల వచ్చింది తొందరగా పట్టుకుంటే తగ్గుతుంది. ఆలస్యమైతే నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఆమెకు రక్త పరీక్షలో బీ12 బాగా తక్కువని తేలింది, సూదులు మొదలయ్యాయి. నెలలు గడిచాక నడక కుదురుకుంది గాని, వేళ్ల కొసల్లో మొద్దు కొంత అలాగే ఉండిపోయింది. ముందే పరీక్ష చేయించి ఉంటే అనిపించి, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మరికొన్ని గుర్తులున్నాయి. మొహం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే తూలుతారు, ఎందుకంటే పాదం ఎక్కడుందో నరం చెప్పలేనప్పుడు మనిషి కళ్ల ఆధారంతోనే నిలబడతాడు. చీకట్లో నడక తడబడుతుంది. నాలుక ఎర్రగా, నున్నగా అవుతుంది. మానుకోట మిర్చి తిని పెరిగిన మనిషి కూడా కూరలో కారం తట్టుకోలేనంటాడు. చేతివేళ్ల కణుపులు నల్లబడతాయి. ఆయాసం, మతిమరుపు వస్తాయి. వీటిని “వయసైపోయింది” అని కొట్టిపారేయకండి.

3. ఇది ఎందుకు జరుగుతుందంటే...

తిన్న బీ12 కడుపులో ఊరే ఒక ప్రొటీన్‌తో జతకట్టి, చిన్న పేగు చివరి భాగంలో రక్తంలోకి ఎక్కుతుంది. అక్కడ ఎక్కడానికి కాల్షియం సాయం కావాలి. మెట్‌ఫార్మిన్ అక్కడే అడ్డుపడుతుందని డాక్టర్లు చెబుతారు. కాలేయంలో బీ12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. గోలీ మొదలుపెట్టిన ఎన్నో ఏళ్లకు తిమ్మిరి వస్తే గోలీ మీదికి అనుమానం ఎవరికి పోతుంది?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1970ల మొదట్లోనే డాక్టర్లు రాశారు. నెదర్లాండ్స్‌లో ఇన్సులిన్ వాడే 390 మంది మీద నాలుగేళ్లకు పైగా జరిపిన పరిశోధన 2010లో అచ్చయింది. ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో బీ12 19 శాతం తగ్గింది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో దీన్ని తరచుగా కనబడే దుష్ఫలితాల్లో చేర్చి, లక్షణాలుంటే పరీక్ష చేయించమని డాక్టర్లకు చెప్పింది.

4. భయపడి గోలీ మానొద్దు.

ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఇంత చదివి ఎవరైనా రేపటి నుంచి మెట్‌ఫార్మిన్ ఆపేస్తే నేను రాసింది మేలుకు బదులు కీడు చేసినట్టే. ఫ్రాన్స్ డాక్టర్ జాన్ స్టెర్న్ 1957లో దీన్ని షుగర్ రోగులకు వాడి చూపించాడు. ఇప్పటికీ లోకమంతా వాడుతోంది. ధర తక్కువ, గుండెకు మంచిది. బీ12 తగ్గితే బీ12 వేసుకోవాలి. షుగర్ గోలీ మార్చాలా, తగ్గించాలా అన్నది డాక్టరే తేల్చాలి.

5. గ్యాస్ గోలీ కూడా లెక్కలోకి తీసుకోండి.

పొద్దున లేవగానే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ ఏళ్లకేళ్లు మింగేవాళ్లున్నారు. కడుపులో ఆమ్లం తగ్గితే తిండిలోని బీ12 విడిపడదు. షుగర్ గోలీకి అది తోడైతే లోటు మరింత త్వరగా వస్తుంది. గ్యాస్ గోలీ ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి.

6. తిండి విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు మంచివే. కాని వాటిలో బీ12 లేదు. అది కార్జంలో, చేపలో, మాంసంలో, గుడ్డులో, పాలల్లో, పెరుగులో ఉంటుంది. షుగర్ వచ్చిందనగానే గుడ్డు మానేసినవాళ్లను, పాలు మానేసినవాళ్లను చూశాను. పెద్ద వయసులో కంఠి కట్టుకుని నీసు ముట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్ల నియమం వాళ్లది, దాన్ని నేను గౌరవిస్తాను. అలాంటివాళ్లు పూటకింత పెరుగు తినాలి, పరీక్ష మాత్రం తప్పించుకోకూడదు. తినే అలవాటున్నవాళ్లు రోజుకో గుడ్డు, వారానికి ఒకసారి బయ్యారం చెరువు చేపో, కాళేశ్వరం దగ్గర గోదావరి చేపో పులుసు పెట్టుకోండి. అయితే లోటు ఒకసారి తేలాక తిండితోనే పూడ్చుకుందామనుకోకండి. పేగే సరిగ్గా తీసుకోనప్పుడు తిండి ఒక్కటే చాలదు.

7. రక్తం పట్టినంత మాత్రాన నరం బాగుపడినట్టు కాదు.

మొహం పాలిపోతే రక్తం గోలీలు ఇస్తారు. వాటిలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆ పని జరిగింది. అది ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. కాని బీ12 లోటున్న మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి. మొహం ఎరుపెక్కింది కదా అని కాళ్ల సంగతి మరిచిపోవద్దు.

8. ముందు పరీక్ష, తర్వాతే సూది.

నీరసంగా ఉందనగానే బలం సూది వేయించుకోవడం మన ఊళ్లలో అలవాటు. అందులో బీ12 ఉంటే ఆ తర్వాత చేసే రక్త పరీక్షలో అంకె పెరిగి, అసలు సంగతి దాగిపోతుంది. అందుకే ముందు రక్తం ఇవ్వండి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోటు అంటారు. 300 లోపుంటే అనుమానమే, లక్షణాలతో కలిపి చూడాలి. వైద్యం పెద్ద ఖర్చుతో కూడింది కాదు. నరాలకు దెబ్బ తగిలితే సూదులతో మొదలుపెడతారు. చాలామందికి తర్వాత 1000 మైక్రోగ్రాముల గోలీ సరిపోతుంది. మెట్‌ఫార్మిన్ వాడినన్నాళ్లూ అప్పుడప్పుడు మళ్లీ చూపించుకోవాలి.

మానుకోటలో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు ప్రతిదానికీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి బస్సెక్కిన జనం మేము. ఇప్పుడు నేను కోరేది రెండు పనులు. ఊళ్లో షుగర్ మందులు రాసుకునే కార్డులో మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన సంవత్సరానికి ఒక గడి ఉండాలి. నాలుగేళ్లు దాటినవాళ్లకు ఏడాదికోసారి పాదాలు చూసి, బీ12 పరీక్ష రాయాలి. ఆశా కార్యకర్తలు కలిసినప్పుడల్లా నేను వాళ్లను అడిగేదీ ఇదే: గోలీలు చేతిలో పెట్టేటప్పుడు “అవ్వా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? నడుస్తుంటే చెప్పు ఊడిపోతోందా?” అని ఒక్కమాట అడగండి, అవునంటే డాక్టరు దగ్గరికి పంపండి.