బస్సుల మధ్య సైకిలు: కొన్ని జాగ్రత్తలు



మన సంఘాల్లో పాలు, పేపర్లు వేసేవారు, వాచ్‌మెన్ పనికి వెళ్లేవారు, బడిపిల్లలు చాలామంది సైకిలు మీదనే తిరుగుతారు. సైకిలు తొక్కడం గుండెకు, షుగరు ఉన్నవారికి మంచి వ్యాయామం. మానవద్దు. అయితే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

1. బస్సు ఎడమ పక్కన దూరవద్దు. డ్రైవరు కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు. ఎడమవైపు కింద ఉన్న సైకిలు అతనికి కనబడకపోవచ్చు. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, ఇంకా రోడ్డు అంచుకు జరుగుతాయి. ఆ సందులో ఉంటే తప్పించుకొనే చోటుండదు. సిగ్నలు దగ్గర బస్సు వెనుకనే, కాస్త ఎడంగా ఆగండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడరు.

2. ఆగి ఉన్న కారుకు మూడు అడుగుల దూరంగా వెళ్లండి. తలుపు హఠాత్తుగా తెరుచుకోవచ్చు. కారు నడిపేవారికి ఒక మాట: కుడి తలుపును ఎడమ చేత్తో తీయండి. ఒళ్లు తిరిగి, వెనుక వచ్చే సైకిలు కనబడుతుంది.

3. కుడికి తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపండి. రద్దీగా ఉంటే దిగి నడిపించుకుంటూ దాటండి.

4. రాత్రి కూడికలకు వెళ్లేవారు ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు పెట్టించుకోండి. లేత రంగు బట్టలు మంచివి. పిల్లలకు హెల్మెట్ పెట్టండి.

తలకు దెబ్బ తగిలితే: లేచి మామూలుగా మాట్లాడినా నిశ్చింతగా ఉండవద్దు. పుర్రెలోపల రక్తం మెల్లగా చేరి, కొన్ని గంటల తర్వాత ప్రాణం మీదికి రావచ్చు. మాటిమాటికి వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్స్, ముక్కు చెవుల నుండి రక్తం లేక నీరు కారడం కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. "అలసిపోయాడు, పడుకోనిద్దాం" అనుకోవద్దు. స్పృహ సరిగా లేనివారికి నీళ్లు, సోడా తాగించవద్దు. మెడ కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.

కేసు మీద పడుతుందేమోనని వెనుకాడకండి. మంచి మనసుతో సాయం చేసినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇస్తుంది. ఆ చట్టం వారిని పిలిచే పేరు మనకు తెలిసినదే: మంచి సమరయుడు.

– నర్సింగ్ సూపరింటెండెంట్